తెరపై కాపురము

గతమాసమున ఈ పుటలో ఊరగాయల పాళ్లను గూర్చి వ్రాసితిని. ఈ మాసమున ఒక ఆటను గూర్చి వ్రాయబోవుచున్నాను. ఈ ముదుసలికి పిల్లల యాటలతో నేమి పని యని మీరు నవ్వుకొందురేమో! కొలది మాసముల క్రిందటి వరకు నేనును అట్లే తలచుచుంటిని. వేసవి సెలవులలో మా యింట జరిగిన యొక చిన్న సంగతి నా తలంపును మార్చినది. దానిని చెప్పుటకు నాకు కొంత సిగ్గుగానే యున్నది. ఐనను ఇన్ని యేండ్లుగా మీకు బుద్ధులు చెప్పుచు వచ్చినదానను గనుక, నాకు బుద్ధి వచ్చిన విధమును గూడ చెప్పుట న్యాయమని తోచినది.

మా పెద్దవాని కుమార్తెకు పదునాలుగేండ్లు. సెలవులిచ్చినది మొదలు ఆ పిల్ల కంప్యూటరు ముందు కూర్చుండి లేవకుండెను. పిలిచిన పలుకదు, వేళకు తినదు. ఒకనాడు దాని తల్లి, అనగా మా కోడలు, విసిగి వేసారి తీగ లాగివేయబోయెను. నేను అడ్డుపడి, "ఆగుమమ్మా, అది యేమి చూచుచున్నదో ముందు నేను చూచెదను. తరువాత నీ యిష్టము" అంటిని.

తుపాకులును, నెత్తురును కనబడునని యెదురుచూచుచు కుర్చీ జరుపుకొని కూర్చుంటిని. కాని తెరమీద కనబడినవి యేమనుకొన్నారు? ఒక పచ్చికబయలు, ఒక యేరు, గడ్డికప్పు వేసిన యొక గుడిసె, గొడ్డలితో చెట్టు నరకుచున్న యొక యువకుడు.

"ఎవరే యితడు? ఏమి చేయుచున్నాడు?" అని యడిగితిని.

"నేనే, నానమ్మా! ఇల్లు కట్టుకొంటిని. చలికాలము రాకముందే కట్టెలు చేర్చుకోవలెను. లేనియెడల ఊరివారు వెళ్లిపోవుదురు" అని మనుమరాలు చెప్పెను.

కట్టెలు చేర్చుకొనుట, నీళ్లు తెచ్చుకొనుట, ధాన్యము దాచుకొనుట! ఇవి నేను పుట్టిన పల్లెటూరిలో మా యమ్మ నిత్యము చేసిన పనులు. వీనిని తప్పించుకొనుటకే గదా మనము గ్యాసుపొయ్యిలును, కుళాయిలును తెచ్చుకొంటిమి! ఇప్పుడీ పిల్లలు డబ్బిచ్చి కొనుక్కొని మరల ఆ పనులనే ఆటగా ఆడుచున్నారా యని నాకు ఆశ్చర్యము కలిగెను.

ఆ ఆట పేరు 'మిడీవల్ డైనాస్టీ'. మధ్యయుగమునాటి వంశము అని చెప్పుకొనవచ్చును. పోలండు దేశములోని 'రెండర్ క్యూబ్' అను సంస్థ దీనిని నిర్మించినది. 2020 సెప్టెంబరులో దీని తొలిరూపము వెలువడగా, మరుసటి యేడు సెప్టెంబరులో పూర్తిరూపము వచ్చినది. కథ చాల చిన్నది. రాసిమీర్ అను యువకుడు బంధువును వెదకుకొనుచు ఒక లోయకు వచ్చును. ఆ బంధువు అప్పటికే చనిపోయియుండును. ఆ యనాథుడు అడవిలో ఇల్లు కట్టి, పొలము దున్ని, ఇతర గ్రామములనుండి మనుష్యులను పిలుచుకొనివచ్చి యొక పల్లెను నిలుపవలెను. పెండ్లి చేసికొని సంతానమును గనవలెను. అతడు ముసలివాడై మరణించిన పిమ్మట వారసుడు ఆ సంసారమును నడుపును. వంశమను పేరు అందుచేత వచ్చినదే.

ఇట్టి యాటలకు చిన్న చరిత్ర కలదు. 1971లో అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున ముగ్గురు యువకులగు ఉపాధ్యాయులు చరిత్రపాఠము చెప్పుటకై 'ఆరెగన్ ట్రెయిల్' అను ఆటను వ్రాసిరి. పందొమ్మిదవ శతాబ్దమున బండ్లమీద పడమటిదిక్కునకు వలసపోయిన కుటుంబముల కష్టములు అందలి వస్తువు. అప్పటికి దానికి తెరయైనను లేదు. కాగితముమీద అక్షరములు అచ్చుపడుచుండెడివి. తిండి చాలకయు, రోగము తగిలియు దారిలో మనుష్యులు చనిపోవుట చూచి పిల్లలు చరిత్ర నేర్చుకొనిరి. తరువాత 2000 సంవత్సరమున విల్ రైట్ అను నతడు 'ది సిమ్స్' అను ఆటను వెలువరించెను. అందు యుద్ధము లేదు, గెలుపు లేదు. ఒక యిల్లు, అందలి మనుష్యులు, వారి ఆకలి, నిద్ర, స్నేహము, కోపము, ఇంతే. 1991లో ఓక్లండ్ పట్టణమున చెలరేగిన అగ్నిప్రమాదములో తన యిల్లు కాలిపోగా, సామగ్రినంతయు మరల సమకూర్చుకొను సమయమున అతనికి ఈ యాలోచన పుట్టెనట. స్త్రీలు ఆ యాటను విశేషముగా నాదరించిరి. 2011లో అదే వంశమున మధ్యయుగపు కథతో 'ది సిమ్స్ మిడీవల్' వచ్చినది. అందు రాజుగాని, యోధుడుగాని, వైద్యుడుగాని, కమ్మరిగాని, ఏ పాత్రనైనను స్త్రీగానో పురుషునిగానో మన యిచ్ఛకొలది ఎన్నుకొనవచ్చును. ఇది గుర్తుంచుకొనుడు, దీనితో ముందు పనియున్నది.

రెండు దినములు ప్రక్కన కూర్చుండి చూచితిని. మూడవనాడు మనుమరాలు, "నీవే ఆడరాదా, నానమ్మా?" అని మౌసు నా చేతికిచ్చెను. మొదట నా మనిషి గోడకు కొట్టుకొనుచు గుండ్రముగా తిరిగెను. పిల్ల కడుపుబ్బ నవ్వెను. క్రమముగా చేయి కుదిరినది.

ఆ యాటలో మామూలుగా ఒక్కొక్క ఋతువునకు మూడే దినములు. నాలుగు ఋతువులు గడచిన ఏడాది. వసంతమున అవిసె విత్తిన వేసవిలో కోయవచ్చును. దాని నారతో నూలు, నూలుతో బట్ట. పొలమునకు పెంటయెరువు వేయనిది పంట రాదు. ధాన్యమును నూర్చి, పిండి విసరి, రొట్టె కాల్చుకోవలెను. దాచిన తిండి నాళ్లు గడచిన చెడిపోవును. చెడినదానిని ఎరువులోనికి వాడుకొనవచ్చును. ఏటేట రాజునకు పన్ను కట్టవలెను. ఊరిలోని ప్రతి మనిషికిని ఇల్లు, తిండి, పొయ్యిలోనికి కట్టె అమర్చవలెను. ఇవి లోపించినయెడల వారి మనస్సు చెడి, ఒకనాడు మూట కట్టుకొని వెళ్లిపోవుదురు.

నా మొదటి చలికాలమున అట్లే యొకడు వెళ్లిపోయెను. తిండి సమృద్ధిగానే యుంచితిని గాని, కట్టెల సంగతి మరచితిని. మన దేశమున పుట్టినదానను; చలి మనుష్యులను తరుముననెడి యెరుక నాకు లేకపోయెను. కాని రెండవయేట ధాన్యపు లెక్కలో మాత్రము నన్ను మించినవారు లేరు. విత్తులకెంత, తిండికెంత, అమ్మకమునకెంత యని మా యమ్మ గాదెముందు నిలుచుండి వ్రేళ్లమీద లెక్కించుట నేను చిన్ననాడు చూచియుంటిని. ఆమెకు అక్షరము రాదు. ఐనను ఏ యేడును విత్తనమునకు ఎరవు పోలేదు. ఆ లెక్కయే ఇక్కడ వేసితిని. "ఇంత ధాన్యము నీకెట్లు మిగిలినది, నానమ్మా!" అని మనుమరాలు కన్నులు విప్పార్చెను. ఆ ఘనత మా యమ్మదని చెప్పితిని. ఆ పిల్ల మా యమ్మను గూర్చి మొదటిసారి ప్రశ్నలడిగినది ఆనాడే. ఈ యాట చేసిన మొదటి మేలు అది.

ఇక అసలు సంగతికి వచ్చెదను.

ఒక మధ్యాహ్నము మేమిద్దరము ఆడుచుండగా, పల్లెలోని యొక స్త్రీకి బిడ్డ పుట్టినది. ఆ యాటలో బిడ్డ పసిదిగా నున్నంతకాలము తల్లి పొలమునకు గాని, నేతపాకకు గాని రాదు. పనివారి పట్టికలో ఆమెకెదురుగా నున్న పని ఖాళీ యగును. మా మనుమరాలు నుదురు కొట్టుకొని, "ఛీ! కోతలముందే ఈమెకు బిడ్డ పుట్టవలెనా, నానమ్మా! పనిచేసెడు చేయి ఒకటి తగ్గినది, తినెడు నోరు ఒకటి పెరిగినది" అనెను. నేను పకపక నవ్వితిని.

మా కోడలు గుమ్మమువద్ద కూర్చుండి ఆరిన బట్టలు మడతపెట్టుచుండెను. ఆమె తలయెత్తకయే, "మీ నానమ్మగారును నన్నట్లే అనిరి, నీవు నా కడుపులో నున్నప్పుడు" అనెను.

నా నవ్వు ఆగిపోయినది. ఆ యేడు మా చిన్నమ్మాయి పెండ్లి. ఇంటినిండ పని. కోడలికి నెలలు నిండుచుండెను. పుట్టింటికి పంపవలసి వచ్చినది. అప్పుడు నేను వంటింటిలో ఎవరితోనో, "సరిగా చేతులు కావలసిన వేళకే ఈమె ప్రయాణము కట్టినది" అంటినట. గోడకు ఆవల ఆమె వినుచుండెను. ఆ మాట నేనన్నట్లు నాకు జ్ఞప్తి లేదు. కాని అనలేదని చెప్పుటకు ధైర్యము చాలలేదు. ఆ దినములలో నేను ఎట్టిదాననో నాకు తెలియును గదా!

పదునాలుగేండ్లు ఆమె ఆ మాటను ఎవరికిని చెప్పక మనస్సున మోసినది. నాకు పథ్యము పెట్టినది, నా కాళ్లకు నూనె రాచినది, జ్వరము వచ్చిన రాత్రులు నా మంచము ప్రక్కన కూర్చున్నది. నేనో, ఈ పుటలో కోడండ్రను కన్నకూతులవలె చూడుడని మీకు వ్రాయుచుంటిని.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. తెల్లవారిన పిమ్మట వంటింటిలోనికి పోయి, "తప్పు చేసితినమ్మా" అంటిని. ఆమె పొయ్యిమీది పాలు చూచుచు, "పోనిండు, అత్తయ్యా. ఎప్పటిమాటయో" అనెను. ఆమె క్షమించినదో, మాట తప్పించినదో నాకు తెలియలేదు. ఒక్క యుదయమున తీరెడి బాకీ కాదది యని మాత్రము తెలిసినది.

సోదరీమణులారా! దోషము ఆటది కాదు. పనికి వచ్చినంతవరకే స్త్రీని లెక్కించు బుద్ధి ఆటకంటె చాల పాతది. ఆట దానిని పట్టికగా గీసి కన్నులముందు పెట్టినది, అంతే. అందుచేతనే ఆనాటి నిజమైన స్త్రీలు ఎట్లు బ్రతికిరో తెలిసికొనవలెనని నాకు పట్టుదల కలిగినది. మనుమరాలును నేనును కలిసి కొంత చదివితిమి.

ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతమున మార్గరెట్ పాస్టన్ అను గృహిణి యుండెను. ఆమె భర్త న్యాయవాది. లండను నగరమున వ్యాజ్యములమీద ఎక్కువకాలము గడపెడివాడు. భూములు, కౌళ్లు, తగవులు ఆమెయే చూచుకొనెను. 1448లో శత్రువులు వారి గృహము నాక్రమించియున్న సమయమున ఆమె భర్తకు ఒక లేఖ పంపెను. అందు క్రాస్‌బో అను యంత్రపు విండ్లు కొని పంపుమని కోరెను. అదే లేఖలో ఒక పౌను బాదముపప్పు, ఒక పౌను చక్కెర, పిల్లల దుస్తులకు బట్టయు కొని పంపుమనెను. ఒక చేత కోటను, ఒక చేత వంటింటిని మోసిన స్త్రీ ఆమె. ఆ కుటుంబపు లేఖలు నేటికిని భద్రముగా నున్నవి.

1364లో వెనిస్ నగరమున పుట్టి పారిసునందు పెరిగిన క్రిస్టీన్ ద పిజాన్ ఇరువదియైదేండ్ల ప్రాయమున విధవ యయ్యెను. ముగ్గురు పిల్లలు, ముసలితల్లి. ఆమె కలము పట్టి కుటుంబమును పోషించినది. 1405లో స్త్రీల గొప్పతనమును గూర్చి యొక గ్రంథమును, స్త్రీలు నడచుకొనవలసిన తీరును గూర్చి మరియొక గ్రంథమును రచించెను. ఆ రెండవదానిలో, భూస్వాముల యిల్లాండ్రు వ్యవసాయపు లెక్కలు, కౌలు నియమములు నేర్చుకొనవలెననియు, పనివారిని స్వయముగా చూచుకొనవలెననియు హితవు చెప్పినది.

ఇక నూలు సంగతి. ఆటలో ఒక్క మీట నొక్కిన నార నూలగును. నిజమునకు అవిసెమొక్కను వేళ్లతో పెరికి, నీటిలో నాననిచ్చి, ఎండబెట్టి, చితుకగొట్టి, దువ్వి, అటుపిమ్మట కదురుపై వడుకవలెను. ఐరోపాలో రాట్నము పదమూడవ శతాబ్దపు ప్రాంతమున గాని వ్యాపింపలేదు. అంతవరకు వడికినదంతయు చేతికదురుతోనే. వడుకువారు స్త్రీలు. పెండ్లికాని స్త్రీని ఇంగ్లీషున 'స్పిన్‌స్టర్' అందురు గదా. ఆ మాటకు మొదటి యర్థము నూలు వడకు స్త్రీ యనియే. ఒక రాజ్యమంతయు ధరించిన బట్ట వారి వ్రేళ్లనుండి వచ్చినది. వారి పేర్లు మాత్రము మనకు దొరకవు.

ఇంతమంది స్త్రీలు ఇంతపని చేసియుండగా, మేమాడిన లోయలో కథానాయకుడు పురుషుడే కావలసియుండెను. 2011 నాటి యాటలో స్త్రీ రాజ్యమేలగా, 2020 నాటి యాటలో స్త్రీ ఒక గుడిసెకైనను యజమానురాలు కాలేకపోయినది! ఈ లోపము ఆటగాండ్రకును తట్టియుండును. 2023 డిసెంబరులో దానికే 'ఆక్స్‌బో' అను క్రొత్త లోయను చేర్చిరి. అందు నలుగురు కలిసి యాడవచ్చును. స్త్రీపాత్రను గూడ ఎన్నుకొనవచ్చును. ఇప్పుడు మేమిద్దరము ఆ లోయలోనే స్త్రీలుగా కాపురమున్నాము. నాకు పొలము, ఆమెకు వేట.

అంతటితో కథ ముగియలేదు. ఒకనాడు మనుమరాలు నోటుపుస్తకములో గీతలు గీచి, ఆటలోవలెనే మా యింటికి ఒక పనుల పట్టిక వేసినది. నిలువున మనుష్యుల పేర్లు, అడ్డముగా పనులు. ఒక దినమంతయు అందరి వెంట తిరిగి గుర్తులు పెట్టినది. పాలు కాచుట మొదలు రాత్రి తలుపు గడియ వేయుట వరకు ముప్పదియొక్క పని దాని తల్లి పేర పడినది. నా పేర ఐదు. దాని తండ్రి పేర రెండు. తన పేర ఒకటి. అది సీసాలలో నీళ్లు నింపుట. పిల్ల చాలసేపు ఆ కాగితమును చూచి, "నానమ్మా, అమ్మ ఆటలో నుండిన, ఎన్నడో మూట కట్టుకొని వెళ్లిపోయి యుండును" అనెను. మా వాడు వార్తాపత్రిక దించి ఆ కాగితమును అడిగి పుచ్చుకొనెను.

దానితో మా యిల్లు స్వర్గమైనదని వ్రాయను. పక్షము దినములు అందరును ఉత్సాహముగా పనులు పంచుకొనిరి. తరువాత కొన్ని మరల కోడలి మీదికే జారినవి. ఐనను రెండు నిలిచినవి. సాయంకాలపు వంట ఇప్పుడు మా వాడును పిల్లయు చేయుదురు. ఆ వేళ మా కోడలు మేడమీదికి పోయి గాలికి కూర్చుండును. ఎవరును పిలువరాదు. మొన్న నేను మెట్లెక్కి కాఫీ పట్టుకొనిపోగా, "మీరేల ఎక్కి వచ్చితిరి, అత్తయ్యా?" అని లేవబోయెను. కూర్చుండుమంటిని. కూర్చున్నది. కొంతసేపటికి, తన పురిటినాటి సంగతులు, ఎన్నడును చెప్పనివి, చెప్పసాగెను. నేను విన్నాను.

ఇక ఈ యాటల విషయమున నాకు తోచిన నాలుగు మాటలు చెప్పి ముగించెదను.

మొదటిది: పిల్లలను ఆటనుండి లాగుటకు ముందు ఒక గంట వారి ప్రక్కన కూర్చుండి చూడుడు. చెడుగా నున్నది తెలిసి మాన్పింపవచ్చును. మంచిగా నున్నది తెలిసి పంచుకొనవచ్చును.

రెండవది: వేళ నియమింపుడు. ఇట్టి యాటలలో "ఈ ఋతువొక్కటి గడువనిమ్ము" అను మాట యొకటి యున్నది, దానికి అంతులేదు. ఋతువు మారగానే ఆపవలెనని ముందే ఒడంబడిక చేసికొనుడు. నేను గూడ ఒక రాత్రి పదకొండు గంటల వరకు కోతలు కోసితిని గనుక, ఈ నియమము పెద్దలకును వర్తించునని ఒప్పుకొనుచున్నాను.

మూడవది: ఆటలో చూపనిదేదో అడుగుడు. పిండి విసరునది ఎవరు? రోగమునకు మందేమి? బట్ట యుతికినదెవరు? ఈ ప్రశ్నలతోనే చరిత్ర మొదలగును. ఆటలో పురుడు కష్టము లేక జరిగిపోవును; ఆ కాలమున ప్రతి పురుడును ప్రాణగండమే. అది గూడ పిల్లలకు తెలియవలెను.

నాలుగవది నావంటి యత్తలకు. పల్లెలోని మనిషి మనస్సు చెడిన తెరమీద దాని గుర్తు కనబడును. మనము త్వరపడి తిండియో కట్టెయో చూచెదము. ఇంటిలోని మనిషికి అట్టి గుర్తు కనబడదు. మనమే అడుగవలెను. నేను పదునాలుగేండ్లు ఆలస్యముగా అడిగితిని. మీరు అంతకాలము ఆగకుడు.